ఒక్క ఊపిరిలో పద్నాలుగు

మాది తెనాలి. హైస్కూల్లో తెలుగు చెబుతాను. రెండేళ్ల కిందట విరేచనాలు పట్టుకుని తగ్గిన వారానికి కాళ్లు తిమ్మిరెక్కాయి. మూడో రోజుకి మెట్టెక్కలేకపోయాను. గుంటూరులో పరీక్షలు చేసి జీబీఎస్ (గులియన్-బారే సిండ్రోమ్) అన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే మన నరాల మీద తిరగబడే జబ్బు. 5 రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. ఖర్చు, తాకట్టు పెట్టిన గాజులు, ఆ సంగతులు వదిలేస్తున్నాను.

చెప్పాల్సింది రెండో రాత్రి గురించి. జబ్బు ఊపిరి తీసే కండరాల దాకా పాకిందేమో చూడ్డానికి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటారు. సాయంత్రం 26 దాకా వెళ్లాను. పదింటికి 19. ఒంటిగంటకి 14 దగ్గర ఆగిపోయాను. పదిహేను నోటిదాకా వచ్చింది, గాలి లేదు. కళ్లు మూసుకున్నాను. డ్యూటీ డాక్టరు అన్నాడు: "ఏడో బెడ్‌ తెల్లారేసరికి వెంటిలేటరే. వాళ్లాయన సంతకం ఇప్పుడే తీసుకోండి, తర్వాత గొడవ చేస్తారు." చేతులూ కాళ్లూ ఆడకపోయినా నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

ఆ మాటని ఇప్పటికీ క్షమించలేదు. నర్సమ్మాయి మాత్రం పక్కనే స్టూలు వేసుకుని, "టీచరమ్మా, నాతో కలిపి చెప్పండి" అంటూ గంటకోసారి లెక్కపెట్టించింది. 14. మళ్లీ 14. తెల్లవారుజామున 15. వెంటిలేటర్ అవసరం పడలేదు. మా ఆయన మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నారు. మందూ పనిచేసింది, స్వామీ చూశాడు. నేను రెండూ నమ్ముతాను. ఆ పిల్ల పేరు అడగలేదన్న బాధ మాత్రం పోదు.

నడవడానికి నాలుగు నెలలు పట్టింది. మంచంలో ఉండగానే, రోగుల కథని శ్రద్ధగా వినడం డాక్టర్లకి నేర్పే ‘నెరేటివ్ మెడిసిన్’ గురించి చదివాను. న్యూయార్క్‌ కొలంబియా యూనివర్సిటీలో రీటా షరాన్ అనే డాక్టరు మొదలుపెట్టారు. కేస్‌షీట్లో పట్టని సంగతుల్ని వైద్య విద్యార్థులు మామూలు మాటల్లో వేరే కాగితం మీద రాసి, తోటివాళ్లకి చదివి వినిపించాలి. చదువుతుంటే ఏడుపొచ్చింది. ఆ డ్యూటీ డాక్టరు చేత ఎవరైనా ఒక్కసారి అలా రాయించి ఉంటే! అక్కడ 2009 నుంచి పీజీ కోర్సు కూడా ఉంది, డాక్టర్లు కానివాళ్లూ చేరవచ్చు. డాక్టర్లకి నేర్పడం నా చేతిలో లేదు గానీ, పాఠం చెప్పడం నాకొచ్చు.

ఇప్పుడు ప్రతి నెలా మూడో ఆదివారం మా ఇంటికి దగ్గర్లోని గ్రంథాలయంలో జబ్బులు చూసినవాళ్లం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం. ముందు ఒక పద్యమో చిన్న కథో చదువుతాం. తర్వాత 5 నిమిషాలు రాయాలి. రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాస్తారు. వినేవాళ్లకి ఒకటే షరతు: కాగితం మీద ఉన్నదాని గురించే మాట్లాడాలి. మొదటి నెల ఒకావిడ చదవడం పూర్తికాకుండానే నలుగురు నాలుగు కషాయాలు చెప్పారు. పాపం, ఆవిడ కాగితం మడిచేసుకుంది. మీ ఇంట్లో జబ్బుపడి లేచినవాళ్లుంటే దయచేసి ఆ పని చేయకండి. ఏమైందో అడిగి, వాళ్లు ఆగేదాకా వినండి.

"రాత్రిపూట వినపడే చప్పుడు" గురించి రాయమంటే, డయాలసిస్‌లో ఉండి నీళ్లు కొలిచి తాగాల్సిన ఆటో డ్రైవరు ఒకటే వాక్యం రాశాడు: పక్కగదిలో పిల్లలు బిందెలో గ్లాసు ముంచుకునే చప్పుడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా ఆయన ఇంతవరకు వచ్చి కూర్చోలేదు. ఆ సంతకం పెట్టినప్పటి సంగతి నాకూ చెప్పలేదు. పోయిన నెల గ్రంథాలయం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడి, అందరూ చదివేదాకా విన్నారు.