హెలికో, ప్టెర్

మన బడి పూర్వ విద్యార్థుల కమిటీ వాళ్లు ఫోన్ చేసి "ఆత్మీయ సమ్మేళనం సంచికకి రెండు పేజీలు రాయరా, పదో తారీకు లోపు" అన్నారు. ఐదేళ్ల చదువులో నాకు బాగా గుర్తున్నది ఒక్క పీరియడే. గేదె సంగతి ఎలాగూ ఇంకెవరో రాస్తారు.

ఇంగ్లీషు మాస్టారు పొడుగు మాట కనిపిస్తే చాలు, సుద్దముక్కతో నిలువు గీతలు గీసేవారు గదా. "తెలుగులో సంధులు విడదీస్తారు, ఇంగ్లీషుకి దడుస్తారేంరా?" అనేవారు. ఆంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం, 28 అక్షరాలు. "ముందు ఆంటీని పక్కన కూర్చోబెట్టండి" అనగానే రెండో బెంచీ ఏం చేసిందో ఇక్కడ రాయలేను. ఈ సంచిక పిల్లలు కూడా చదువుతారు.

సీఎం గారి కోసం మన గ్రౌండులో సున్నంతో హెలిపాడ్ గీసిన మర్నాడు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. హెలికాప్టర్. హె, లి, కాప్, టర్ అని నాలుగు ముక్కలు చేశాను. "అది నోటికి కోసిన కోత. అర్థానికి కొయ్యి." హెలి, కాప్టర్ అన్నాను ధీమాగా. ఆయన నా గీత చెరిపేసి 'ఓ' తర్వాత గీశారు. హెలికో, ప్టెర్. గ్రీకులో మొదటిది మెలి, రెండోది రెక్క. "జనం కూడా నీలాగే తప్పు కోసి, ఆ హెలికే పాడ్ తగిలించార్రా." వారం రోజులు 'ప్టెర్' అంటూ మనం చల్లిన తుంపర్ల సంగతి ముందు బెంచీ వాళ్లనడగండి.

ఇంటర్, డిగ్రీ, ఉద్యోగాల వేట వదిలేద్దాం. 2000లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్లు చెప్పి రికార్డు చేసింది విని టైపు చేసే పనిలో, చేరాను. చెవుల్లో అమెరికా డాక్టరు, కాలి కింద పెడల్. మొదటి వారమే 'కోలిసిస్టెక్టమీ' వచ్చింది. పక్కవాడు టెన్షన్‌తో నాలుగుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాడు. నేను కాగితం మీద గీతలు గీశాను. కోలి పైత్యరసం, సిస్ట్ సంచి, ఎక్టమీ తీసేయడం. ఇంకా చిక్కులున్నాయి: గాస్ట్రెక్టమీ, గాస్ట్రాటమీ, గాస్ట్రాస్టమీ. మొదటిది పొట్ట తీసేయడం, రెండోది కోయడం, మూడోది దానికి దారి పెట్టడం. తోక తప్పుగా వింటే రిపోర్టులో పేషెంటుకి పొట్టే మిగలదు.

ఇప్పుడు కొత్తవాళ్లు టైపు చేసినవి దిద్దేది నేనే. కూకట్‌పల్లి ఫ్లాటు, మా అమ్మాయి ఎంబీబీఎస్ సీటు వాట్సాప్ గ్రూపులో చూశారు కాబట్టి మళ్లీ రాయను.

కమిటీకి ఒక్క మనవి. మీరు పంపిన బ్యానర్‌లో 'ఆత్మీయ సమ్మే' పై లైనులో, 'ళనం' కింది లైనులో పడ్డాయి. దారినపోయేవాళ్లు మనం సమ్మె చేస్తున్నామనుకుంటారు. ప్రింటుకి ఇచ్చే ముందు నాకోసారి పంపండి.