ప్రతిపక్షంలో ఉండగా పెద్దాయన పోతే

మంత్రి పోతే సగం పని సర్కారే చేసిపెడుతుంది. సాధారణ పరిపాలన శాఖ ఉత్తర్వు ఇస్తుంది, కలెక్టరు దగ్గరుండి చూసుకుంటారు, పోలీసులు గాల్లోకి తుపాకులు పేలుస్తారు, బారికేడ్లు వాటంతటవే వచ్చి వాలతాయి. 2022 ఫిబ్రవరి 21న మంత్రిగా ఉండగా మేకపాటి గౌతమ్‌రెడ్డి చనిపోతే ఉదయగిరిలో అంత్యక్రియలు అట్లానే అధికార లాంఛనాలతో జరిగాయి. అదే ప్రతిపక్షంలో ఉన్న మనిషి పోతే ఆ పనులన్నీ ఊరి నెత్తిన పడతాయి. కార్యకర్తలు, బంధువులు, టెంటుహౌస్ ఆయన, ఫ్లెక్సీ కొట్టు కుర్రోడు, వీళ్లే యంత్రాంగం. అభిమానం ఎంతుందో అక్కడ తెలుస్తుంది, తప్పులూ అక్కడే దొర్లుతాయి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు అట్లాంటి రోజున ఏమేం చేయాలో, ఎక్కడ బెడిసికొడుతుందో రాస్తున్నా.

ముందు జెండా సంగతి, ఎందుకంటే కేసులయ్యేది దీంట్లోనే. ప్రతిపక్ష నాయకుడికి అధికార లాంఛనాలు ఇచ్చి తీరాలన్న రూలు లేదు, ఇవ్వకూడదన్న రూలూ లేదు. అధికారంలో ఉన్నవాళ్ల మనసు. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ మన కావలిలో అభిమాని ఇంటి పెళ్లికని కారులో బయల్దేరి నల్గొండ జిల్లాలో ప్రమాదంలో చనిపోయారు. తెలంగాణలో టీడీపీ అప్పటికి ప్రతిపక్షమే, అయినా అక్కడి ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. లాంఛనాలు ఇస్తారో లేదో తేలకముందే ఎవరో ఒకరు ఆవేశపడి జాతీయ జెండా తెచ్చి భౌతికకాయం మీద కప్పేస్తారు. అది చేయొద్దు. ప్రభుత్వ, సైనిక, పారామిలిటరీ అంత్యక్రియల్లో తప్ప జాతీయ జెండా కప్పడం 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. పార్టీ జెండా కప్పండి, దానికి ఏ చట్టమూ అడ్డం రాదు. పంచాయతీ ఆఫీసు మీద జెండా సగానికి దించమని సెక్రటరీతో గొడవపడేవాళ్లు కూడా ఉంటారు. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి, ఇట్లా ఎవరెవరికి దించాలో 2002 ఫ్లాగ్ కోడ్‌లో జాబితా ఉంది. ప్రతిపక్ష నేత అందులో లేరు. పాపం సెక్రటరీ చేతిలో ఏమీ లేదు. పార్టీ ఆఫీసు మీద మీ జెండా మీరు దించుకోవచ్చు, కాకపోతే పద్ధతి ఒకటే: ముందు కొస దాకా ఎగరేసి అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడూ మళ్లీ పైదాకా లాగి కిందికి దించాలి. సగంలోనే ముడేసి వదిలేస్తే తాడు జారిపోయిన జెండాలాగా ఉంటుంది.

కబురు విషయంలో ఒక్క మాట. ఆస్పత్రి బులెటిన్‌లో ఉన్న మాట, లేదా ఇంట్లోవాళ్ల నోటి నుంచి వచ్చిన మాట, ఈ రెండే కబురు. 'పరిస్థితి విషమం' అని రాగానే వాట్సాప్ గ్రూపుల్లో 'ఇక లేరు' అని పడిపోతుంది. వెంటిలేటర్ మీదున్న మనిషికి దండేసిన ఫొటో పెట్టినవాళ్లు తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేరు.

ఇక ఫ్లెక్సీ. ఎక్కువ పరువు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తా. కొట్లో కుర్రోడి దగ్గర కొత్తగా డిజైన్ చేసే టైమ్ ఉండదు, మొన్నటి పుట్టినరోజు ఫైల్ తెరిచి ఫొటో మారుస్తాడు. పైన 'శ్రద్ధాంజలి' పడుతుంది, కింద మూలన మాత్రం 'శుభాకాంక్షలతో' అని పాతదే ఉండిపోతుంది. ప్రింటుకు పోకముందు నాలుగు మూలలూ చదవండి, అది 'అశ్రునివాళులతో' అని మారిందో లేదో చూడండి. రెండోది అక్షరాలు. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టి పంపింది కొట్లోని అనూ ఫాంట్లలోకి నేరుగా రాదు, గజిబిజి అయిపోతుంది. కుర్రోడు చూసి మళ్లీ కొడతాడు. 'శ్రద్ధ'లో ధ ఒత్తు పోయి ద ఒత్తు పడేది అప్పుడే. పుట్టిన తేదీ, పోయిన తేదీ తారుమారయ్యేదీ అప్పుడే. మూడోది ఫొటో. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సన్నబడిపోతుంది, పది అడుగులు ఎనిమిది అడుగులు, అంటే 80 చదరపు అడుగులకు సాగదీస్తే మొహమంతా గళ్లు పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, కుదిరితే స్టూడియోలో ఒరిజినల్ తెప్పించండి. ఎన్నికల ప్రచారంలో వేళ్లు చూపిస్తూ నవ్వే ఫొటో వద్దు.

అన్నిటికంటే చికాకు పెట్టేది కింద వరస. పోయినాయన మొహం కంటే నివాళి అర్పించేవాళ్ల మొహాలు పెద్దగా ఉంటాయి. జనం ఏమీ అనరు, చూసి పక్కకు తిరిగి నవ్వుకుంటారు. పేర్లు చాలు, ఫొటోలు వద్దు అని మండలంలో పెద్ద తలకాయ ఒకరు ముందే గట్టిగా చెప్తే తప్ప ఆగదు.

కట్టడానికి మన వైపు సరుగుడు కర్రలకు కొదవలేదు. సముద్రం గాలికి ఫ్లెక్సీ తెరచాపలాగా ఉబ్బి కర్రల్ని పడేస్తుంది. అందుకే గుడ్డలో అక్కడక్కడా అరచేయంత అర్ధచంద్రంలాగా కోతలు పెట్టండి, గాలి దూరిపోతుంది. మొహం మీద మాత్రం కోయొద్దు. కరెంటు స్తంభానికీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకీ కట్టొద్దు.

నల్ల బ్యాడ్జీలకు అంగుళం వెడల్పు రిబ్బన్ తెచ్చి ఐదంగుళాలకొకటి కత్తిరిస్తే 20 మీటర్ల చుట్టకు సుమారు 150 వస్తాయి. పిన్నీసులు అన్నే తేవాలి. రిబ్బన్లుండి పిన్నీసులు లేని సభలే ఎక్కువ.

ఇంటి దగ్గర చూడాల్సింది ఫ్రీజర్ బాక్సు. దానికి విడిగా ఒక లైను ఇవ్వండి, మైకుసెట్టూ లైట్లూ అదే బోర్డు నుంచి లాగితే ట్రిప్ అవుతుంది. జనరేటర్ వాకిట్లో సిద్ధంగా ఉండాలి, అందులో డీజిల్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. అద్దానికి చెమ్మ పడుతుంది, మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండటానికి ఒక మనిషిని పెట్టండి. దండలు అద్దం మీద పోగుపడితే వెనకవాళ్లకు మొహం కనపడదు, ముందుకు తోసుకొస్తారు. అరగంటకోసారి దండలు తీసి పక్కన పెట్టండి. లోపలికి ఒక గుమ్మం, బయటికి వేరే గుమ్మం. ఒకే గుమ్మమైతే నాయకులొచ్చినప్పుడల్లా క్యూ ఆగిపోతుంది, పొద్దున్నించీ నిలబడ్డ ముసలమ్మలు ఎండలో కూలబడతారు.

అంతిమయాత్రకు డీఎస్పీ ఆఫీసులో కాగితం ఇవ్వాలి. 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉందంటే ఊరేగింపుకు అనుమతి అడగమని అర్థం. ఏ దారి, ఎన్ని బండ్లు, ఎన్నింటికి మొదలు, బాధ్యుల పేర్లు, ఫోన్లు రాయండి. నెల్లూరులో వీఆర్సీ సెంటర్, గాంధీబొమ్మ మీదుగా పోతామంటే పోలీసులు టైమ్ మార్చమంటారు, వాదించకుండా మార్చుకోండి. దారి ఒకసారి నడిచి చూడండి. బండెక్కి కాదు, నడిచి. తెరిచిన కాలవలు ఎక్కడున్నాయో నడిస్తేనే కనపడతాయి. 2022 డిసెంబరు 28న కందుకూరులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు సభలో తోపులాట జరిగి జనం పక్కనున్న కాలవలో పడ్డారు, ఎనిమిది మంది చనిపోయారు. ఆ వెంటనే రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది, దాన్ని 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. జీవో పోయింది గానీ ఇరుకు రోడ్డూ కాలవా అట్లానే ఉన్నాయి. శాంతిరథం చుట్టూ తాడు పట్టండి, కాలవ వైపు మీ మనుషుల్ని ఎక్కువగా నిలబెట్టండి, చీకటి పడకముందే ముగించండి.

ఈ క్రమశిక్షణ చూడాలంటే ఎర్రజెండా వాళ్ల దగ్గర చూడాలి. అసెంబ్లీలో ప్రతిపక్షాన్ని నడిపిన పుచ్చలపల్లి సుందరయ్య మన అలగానిపాడు మనిషి, 1985 మే 19న చనిపోయారు. ఈనాటికీ ఆయన వర్ధంతికి వాలంటీర్లు వరసలో నిలబడతారు, జోహార్లు చెప్తారు, వెళ్లిపోతారు. ఎవరూ ఎవర్నీ తోసుకోరు.

కొట్లు మూయడం గురించి. పేపర్లో 'స్వచ్ఛంద బంద్' అని వస్తుంది. అది నిజమో కాదో తెలుసుకోవాలంటే షట్టర్లు చూడండి. పూర్తిగా దించి తాళం వేసినవి కొన్నే ఉంటాయి, నడుము దాకా దించి లోపల లైటు వెలుగుతున్నవి ఎక్కువ. రథం వచ్చినప్పుడు దించి, దాటగానే ఎత్తేస్తారు. అందులో అగౌరవమేమీ లేదు. కుర్రోళ్లు బైకులేసుకొచ్చి టీ బంకుల మీద పడితే మాత్రం ఆ సానుభూతి సాయంత్రానికి కరిగిపోతుంది. మందుల షాపు, పాల బూతు జోలికి అసలు పోవద్దు.

అందరి కళ్లూ ఎదుటి పార్టీ వాళ్ల మీదే ఉంటాయి. ఇంటికొచ్చారా, ఎప్పుడొచ్చారు, చెప్పులు ఎక్కడ విడిచారు, అన్నీ లెక్కే. వాళ్లు వస్తున్నారని కబురొస్తే వాకిట్లో ఒక పెద్దమనిషి ఎదురెళ్లాలి, నినాదాలు ఆపించాలి. అది మర్యాదే కాదు, ఆ క్షణంలో ఒక్క కేక పడితే మర్నాడు పేపర్లో అదే వస్తుంది. ఇక వాళ్ల సంతాప ప్రకటన. 'రాజకీయంగా విభేదించినా' అని మొదలెడితే చదివేవాడికి విభేదమే గుర్తుంటుంది. ఆయన చేసిన ఒక పని పేరుపెట్టి చెప్పండి, ఫలానా కాలవ చివరి భూములకు నీళ్ల కోసం కొట్లాడాడు అని. 'తీరని లోటు' అని రాసే వేలమందిలో ఆ ఒక్క వాక్యమే నిలుస్తుంది.

ఫేస్‌బుక్‌లో కింద నవ్వు బొమ్మ కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జవాబివ్వొద్దు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బతికుంటే పరువు పోయే మాట చనిపోయిన మనిషి మీద రాసి, ఇంట్లోవాళ్లను బాధపెట్టాలన్న ఉద్దేశం ఉంటే అదీ పరువునష్టమే. ఇప్పటి న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. మనవాళ్లు తిరిగి బూతులు రాస్తే ఆ కేసు మీ మీదికే తిరుగుతుంది.

విలేకరులకు ఒకటి. 'నేత మరణం తట్టుకోలేక' అన్న వార్తలు రెండో రోజు నుంచి వస్తాయి. డాక్టరు ఏమన్నారో, మనిషికి ముందే గుండెజబ్బు ఉందేమో కనుక్కోకుండా రాయొద్దు. ఆత్మహత్య అయితే దాన్ని త్యాగం అని అసలే రాయొద్దు, అది ఇంకొకరికి దారి చూపిస్తుంది.

ఎమ్మెల్యేగా ఉండగా పోతే స్మశానం దగ్గరే సీటు మాటలు మొదలవుతాయి. చట్టం ఆరు నెలల్లో ఉపఎన్నిక జరపాలంటుంది, గడువు ఏడాది కంటే తక్కువ మిగిలుంటే అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు నిలబడితే ఎదుటి పార్టీ పోటీ పెట్టకపోవడం ఒక ఆనవాయితీ, 2022లో గౌతమ్‌రెడ్డి సీటైన ఆత్మకూరులో ఆయన తమ్ముడు నిలబడితే టీడీపీ పెట్టలేదు. రూలు కాదు కాబట్టి దాన్ని హక్కులాగా అడగకూడదు. ఆ మాట పెద్దకర్మ దాకా ఎత్తకుండా ఆపగలిగిన ఇల్లు మంచి ఇల్లు.

పెద్దకర్మ మర్నాడు ఫ్లెక్సీలు దించడానికి మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి. లేకపోతే నెల తర్వాత కూడా సగం చిరిగి వేలాడుతూ ఉంటాయి. కర్రలు టెంటుహౌస్‌కి లెక్కపెట్టి ఇచ్చేయండి. గుడ్డను వడ్ల రాశి మీద కప్పుకోవడానికి రైతులు అడుగుతారు, ఇవ్వండి. ఇచ్చేముందు మొహం ఉన్న ముక్క కత్తిరించి ఇంట్లోవాళ్లకు పంపండి, మిగతాది బొమ్మ లోపలికి ఉండేట్టు కప్పుకోమని చెప్పండి.