మా అమ్మాయి కామెడీలో నేనూ ఒక పాత్రని

మా అమ్మాయి ఒక్కతే స్టేజి ఎక్కి, గంటసేపు పాడుతూ, కబుర్లు చెబుతూ నవ్వించే షో ఒకటి తయారు చేసుకుంది. పరీక్షలకి చదవాల్సిన పిల్ల పాటలు కట్టుకునే మనిషిగా ఎలా మారిందో అందులో కథ. "ఇంటి గుట్టు నలుగురిలో పెడుతుంటే ఎలా ఊరుకున్నావు?" అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. నాకైతే గర్వంగా ఉంది.

తన కాలి దగ్గర లూప్ పెడల్ అని చిన్న పెట్టె ఉంటుంది. మైకులో అన్న మాటని అప్పటికప్పుడు రికార్డు చేసి, ఆపేదాకా తిప్పి తిప్పి వినిపిస్తుంది. "ఎక్కడున్నావ్? ఎప్పుడొస్తావ్?" అని అచ్చం నాలాగే అని, పెడల్ నొక్కింది. ఆ రెండు ప్రశ్నలే తాళమైపోయాయి. జనం ఒకటే నవ్వు. దాని మీద చిటికెలు, ఆపైన కీబోర్డు కలిపి ఇంగ్లీషులో పాట అందుకుంది. ఇల్లు వదిలి వెళ్లిన మొదటి రాత్రి, అలా అడిగేవాళ్లు లేని గది గురించి. కింద నా తెలుగు మోగుతూనే ఉంది. నవ్వినవాళ్లే గప్‌చుప్ అయిపోయారు. ఇంట్లో ఒక భాష, గడప దాటితే ఇంకో భాష అన్నట్టు పెరిగిన పిల్ల, అక్కడ రెండింటినీ ఒకేసారి వినిపించింది. నేను ఇన్నేళ్లూ కోరుకున్నది అదే.

ఒక్కరే నిలబడి కథ నడపడం మనకి కొత్తేమీ కాదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) పాట, ఆట, మాట అన్నీ తానే అయి సభని నడిపినవారు. కథ బరువెక్కినప్పుడు హరికథ చెప్పే దాసుగారు ఎవరైనా ఒక పిట్టకథ చెప్పి నవ్వించి, మళ్లీ అసలు కథలోకి తీసుకెళ్తారు. మా అమ్మాయి జోకులు చేసే పనీ అదే. ఈ మాట చెబితే ఆ రాత్రంతా కూర్చుని హరికథల వీడియోలు చూసింది.

కుర్ర కళాకారులు ఇలాంటి షోతో మొదలుపెట్టడానికి ఖర్చు కూడా కారణమే. బృందం అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు. 1947లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన కళోత్సవానికి పిలుపు లేకుండానే ఎనిమిది నాటక బృందాలు వచ్చి ఆడడంతో మొదలైన ఫ్రింజ్ పండగలో ఇప్పటికీ ఎంపిక కమిటీ ఉండదు. వేదిక దొరికితే ఎవరైనా ఆడొచ్చు.

నేను గట్టిగా పట్టుబట్టింది మా యాస విషయంలోనే. "నేను అన్న మాటకి నవ్వించు, పలికిన తీరుకి కాదు" అన్నాను. "అమ్మా, దానికే ఎక్కువ నవ్వులొస్తాయి" అంది. "అవి తేలిగ్గా వచ్చే నవ్వులు, నీకు అంతకంటే బాగా రాయడం వచ్చు" అన్నాను. కాసేపు అలిగింది. తర్వాతి షోలో ఆ యాస అనుకరణ తీసేసి, వాళ్ల నాన్నకీ నాకూ ఒక యుగళగీతం రాసింది. రెండు గొంతులూ తనే పాడుతుంది.