పక్క కిటికీలున్న వ్యాను

వీడియో కాల్‌లో బాపు నా ముఖం చూడలేదు, గోళ్లు చూశాడు. టీ కప్పు పట్టుకుని మాట్లాడుతున్నాను, ఫోను దగ్గరగా ఉంది. "ఏందిరా, గోళ్ల సందున సొల్యూషన్ లెక్క ఉన్నది?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఫోముకీ రెగ్జిన్‌కీ అతికించే సొల్యూషన్ పూస్తున్న మనిషి. దొరికిపోయాను. "కాలేజీ ల్యాబులో అంటింది బాపూ" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "కొబ్బరినూనె రాసి తుడువు, పోతది. గీకకు, గోరు లేస్తది" అని ఫోను అమ్మకిచ్చేశాడు.

ఆ తర్వాత రెండున్నరేళ్లు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆటోనగర్‌లో మాత్రం "మావోడు లండన్ల ఇంజినీర్" అని చెప్పుకున్నాడు. నేనున్నది లండన్ కాదు, చేసింది ఇంజినీరింగూ కాదు. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ శివార్లలో ఒక షెడ్డు. సరుకు వ్యాన్లు తెచ్చిస్తే వాటిని మనుషులు తిరిగే, వండుకునే, పడుకునే బళ్లుగా మార్చడం అక్కడి పని.

మా షాపు వనస్థలిపురం పక్కన ఆటోనగర్‌లోనే. లారీ క్యాబిన్లు, స్కూలు బస్సులు, టెంపో ట్రావెలర్లకు సీట్లు కుడతాం. పదో తరగతికల్లా నేను వంకర లేకుండా పైపింగ్ వేసేవాణ్ణి. అది చూసే బాపుకు భయం పట్టుకుంది. "ఈ పని నాతోనే ఆఖరు" అని ఇంజినీరింగ్ చదివించాడు, బ్యాంకు లోను తీసి 2022 జనవరిలో ఎమ్మెస్సీకి పంపాడు. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. నాతో వచ్చినవాళ్లు గోదాముల్లోనో, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోముల్లోనో చేరారు. నేను బస్సు తప్పిపోయి నడుస్తుంటే ఒక షెడ్డు గేటుకి 'హెల్పర్ కావాలి' అన్న కాగితం కనిపించింది.

ఓనరు యాభై దాటిన మనిషి. ఏం వచ్చని అడిగాడు. కుట్టడం వచ్చన్నాను. ఒక బూడిదరంగు కార్పెట్ ముక్క, స్ప్రే సొల్యూషన్ డబ్బా చేతిలో పెట్టి వ్యాన్ లోపల వెనక చక్రం మీదుండే గుబ్బ చూపించాడు. దాన్ని ఒకే ముక్కతో, ఎక్కడా ముడత పడకుండా కప్పాలి. గుండ్రటి గుబ్బ మీద బట్ట పరచడమంటే గుమ్మడికాయకి కాగితం చుట్టినట్టే. ఆ కార్పెట్ నాలుగు వైపులా సాగుతుంది కానీ అంచు నుంచి మొదలుపెడితే చివర్న గుట్టలా పోగవుతుంది. నడిమధ్య అంటించి అరచేత్తో బయటికి తోసుకుంటూ పోవాలి, బాపు లారీ సీటు మీద రెగ్జిన్ లాగినట్టే. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఓనరు టార్చి వేసి చూసి, రేపు ఎనిమిదింటికి రమ్మన్నాడు. అంత దూరం పోయి ఇదే పనిలో చేరానని బాపుకు ఎట్లా చెప్పను?

ప్యానెల్ వ్యాన్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే సీట్లు, వెనకంతా కిటికీల్లేని ఇనుప డబ్బా. కొరియర్ వాళ్లూ ప్లంబర్లూ వాడతారు. మా షెడ్డుకి ఎక్కువగా ఫోర్డ్ ట్రాన్సిట్, ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్, ఫియట్ డుకాటోలు వచ్చేవి. మొదటి పని కిటికీ కోయడం. నిగనిగలాడే బండి పక్కన జిగ్‌సా రంపం పట్టుకుని నిలబడితే చేతులు చల్లబడేవి. తప్పు కోస్తే అతికేది లేదు. గీత గీసి, రంగు గీరుకోకుండా చుట్టూ టేపు వేసి, మూలల్లో రంధ్రాలు చేసి, అక్కడి నుంచి రంపం నడపాలి. కోయడం పది నిమిషాలు, ఇనుప పొట్టు ఏరడం గంట. ఒక్క రవ్వ ఏ సందులోనో మిగిలినా ఆ ఊరి వానకి తెల్లారేసరికి తుప్పు మచ్చ తేలుతుంది. కోసిన అంచుకి ప్రైమర్ పూసి, ఆరాకే అద్దం అంటించాలి.

తర్వాతిది నాకు అసలు అర్థం కాని విషయం, చెమ్మ. ఇద్దరు మనుషులు తలుపులు మూసుకుని రాత్రంతా పడుకుంటే వాళ్ల ఊపిరిలోంచి, ఒంట్లోంచి అర లీటరు దాకా నీరు గాలిలో కలుస్తుంది. బయట చలికి ఇనుప గోడ మంచులా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు ఆ ఆవిరంతా గోడకు పట్టి, కార్పెట్ వెనక జారి, కిందికి చేరి ఇనుమును తింటుంది. అందుకే గాలి చొరబడని నల్లటి ఫోము షీట్లను ఇనుముకే నేరుగా, ఎక్కడా సందు లేకుండా అంటిస్తారు. పైన గాలి పోయే దారి పెడతారు. డీజిల్ హీటర్ బిగిస్తారు. బండి ట్యాంకులోంచే చుక్క చుక్క డీజిల్ తీసుకుని, మంట పొగను కింది నుంచి బయటికి వదిలి, పొడి వేడిగాలి లోపలికి ఊదుతుంది.

చేరిన నాలుగో నెలలో ఒక రిటైర్డ్ జంట బండికి మంచం నేనే చేశాను. గట్టిగా ఉండాలని ఒకే ప్లైవుడ్ పలక వేశాను, రంధ్రాలు పెట్టలేదు, పట్టీల మధ్య సందులూ వదల్లేదు. చలికాలం పోయాక వాళ్లు పరుపు తీసి చూస్తే కింది వైపంతా నల్ల బూజు. ఆవిడ నన్నొక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. ఓనరు మాత్రం కొత్త పరుపు డబ్బులు నా జీతంలో కోశాడు. అందులో సగం తప్పు అతనిదే. చలి దేశంలో పుట్టని కుర్రాడికి ముందే చెప్పాలిగా?

కరెంటు పని తొందరగానే వచ్చింది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెరిగిన వాళ్లకి అందులో కొత్తేముంది? బండి స్టార్టయ్యే బ్యాటరీ వేరు, లైట్లకీ ఫ్రిజ్‌కీ ఇంకో బ్యాటరీ. ఇది ఖాళీ అయినా దాని జోలికి పోకూడదు, లేకపోతే పొద్దున అడవిలో బండి కదలదు. గ్యాసు సిలిండరుకు మాత్రం అడుగున బయటికి రంధ్రమున్న వేరే అర ఉండాలి. మన వంటింటి గ్యాసే, గాలికన్నా బరువు, లీకైతే నేలకే దిగుతుంది.

వెనక సీట్ల విషయంలో బాపు గుర్తొచ్చేవాడు. మన దగ్గర నేలకు నాలుగు బోల్టులు, పని ఖతం. అక్కడ మేం వాడే సీట్లు, బెల్టులతో సహా యంత్రంతో గుంజి పరీక్షించి పాసైనవి. నేల కింద వెడల్పాటి ఇనుప పలకలు వేసి వాటికి బిగించేవాళ్లం, గుద్దుకున్నప్పుడు నేల చిరిగి సీటు ఊడి రాకుండా. బాపు బిగించిన స్కూలు బస్సు సీట్లు తల్చుకుని ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

బరువుదీ అదే గొడవ. 1997 జనవరి 1 నుంచి కారు లైసెన్సు తీసుకున్నవాళ్లు మామూలుగా 3,500 కిలోలు దాటిన బండి నడపకూడదు. వంటగట్టుకు గ్రానైట్ కావాలని పట్టుబట్టిన ఆయనొకరు. నీళ్ల ట్యాంకు నింపి, సైకిళ్లు ఎక్కించి, వాళ్లావిడనూ కూర్చోబెట్టి ధర్మకాంటా మీదికి తీసుకుపోయాం. అంకె చూసి గ్రానైట్ మాట మరి ఎత్తలేదు.

ఇంత చేసినా కాగితం మీద అది వ్యానే. మంచం, బల్ల, పొయ్యి, అల్మారా అన్నీ పెట్టి, ఫొటోలు తీసి, దీన్ని మోటార్ క్యారవాన్ అని రాయండని వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపాలి. 2019 నుంచి వాళ్లు బయటి రూపం గట్టిగా చూస్తున్నారు. ఎత్తు పైకప్పు ఉందా, గుడారం కట్టే కమ్మీ ఉందా, ఒంటి మీద క్యారవాన్ తరహా బొమ్మలున్నాయా అని. చాలామందికి వచ్చే జవాబు ఒకటే: 'పక్క కిటికీలున్న వ్యాను'. లోపల సంసారం నడుస్తున్నా సరే. అట్లాంటి ఉత్తరం చదివి ఒక పెద్దాయన షెడ్డులోనే కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నా వీసా కార్డు మీద అప్పటికి 'స్టూడెంట్' అని ఉంది.

ఒక రోజు పాత క్యాంపరు ఒకటి రిపేరుకొచ్చింది. గేటు దాటగానే నా నోటివెంట తెలుగులో "అరె, టెంపో ట్రావెలర్!" అని వచ్చేసింది. అదే మూతి, అవే తలుపులు. కాదు, మెర్సిడెస్ అన్నాడు ఓనరు. ఇద్దరం వాదించుకుని ఫోన్లో వెతికితే ఇద్దరం కరెక్టే. జర్మనీలో 1977లో బయటికొచ్చిన మెర్సిడెస్ టీ1 వ్యానునే 1987 నుంచి మన దగ్గర బజాజ్ టెంపో కంపెనీ ట్రావెలర్‌గా తయారు చేసింది. కంపెనీ పేరు తర్వాత ఫోర్స్ అయ్యింది. 1995లో స్ప్రింటర్ రావడంతో జర్మన్లు దాన్ని ఆపేశారు, మనం ఆపలేదు. బాపు జీవితమంతా సీట్లు కుట్టిన బండి అక్కడ పాత వస్తువుల మీద మోజున్నవాళ్ల సొత్తు. ఆ క్యాంపరు సీట్లు నేనే కుట్టాను, కొలతలు చూడకుండా.

చదువయ్యాక రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా దొరికింది. అది ముగిశాక ఉండాలంటే ఓనరు స్పాన్సర్ చేయాలి. 2024 ఏప్రిల్ 4న స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా కావాల్సిన కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. మా షెడ్డులో పాతిక ఏళ్లుగా ఉన్న వడ్రంగికే అంత రాదు. 2025 మొదట్లో రెండు సూట్‌కేసులతో, ఇంకా తీరని లోనుతో శంషాబాద్‌లో దిగాను.

మే నెలలో నాగోల్ నుంచి ఒకాయన వచ్చాడు. సొంత ట్రావెలర్. తల్లికి మోకాళ్లు పోయాయి, ఆమెను అరుణాచలం, రామేశ్వరం తిప్పాలి, సీట్లు పీకేసి మంచం వేయమన్నాడు. యూట్యూబులో చూశాడట. మనకు తెలిసిన పనే కదా అని బాపు నా వైపు చూశాడు. మొదటిసారి అట్లా చూశాడు. నేను మాత్రం కాదనాల్సి వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీట్ల సంఖ్య ఆర్‌సీలోనే ఉంటుంది. పైగా నడిచే బండిలో బెల్టు లేకుండా మనిషిని పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు.

"గిన్ని సదువుకొచ్చి ఏది అడిగినా వద్దనే చెప్తవేంరా" అన్నాడు బాపు. తనే లోపలికెక్కి సీట్ల మధ్య సందును టేపుతో కొలిచాడు. "సీట్లు తియ్యకుంటె?"

అట్లా పరుపు నాలుగు ముక్కలైంది. సీట్ల మధ్య నడవాలో మడత కాళ్ల బల్ల, దాని మీద ముక్కలు పరిస్తే మనిషి పొడుగు పడక. బండి నడిచేటప్పుడు అన్నీ వెనక సామాన్ల దగ్గర. ఒక్క బోల్టు తీయలేదు, ఒక్క రంధ్రం వేయలేదు. నేను బల్ల పలకకు రంధ్రాలు పెట్టించాను. ఎందుకన్నాడు బాపు. ఇంగ్లండ్‌లో నా జీతం కోసిన కథ చెప్పాను. ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. "పరుపు పైసలు కోసిండా?" అని చాలాసేపు వాణ్ణి తిట్టాడు, కూలి దగ్గర కోత అనేసరికి దేశం ఏదైతేనేం.

పైకప్పు రేకుకు లోపల నల్ల ఫోమే అంటించాను. అక్కడ చలికి, ఇక్కడ ఎండకు. పైగా మన దగ్గర ఏసీ వేస్తే చెమ్మ అటు నుంచి ఇటు వస్తుంది, ఆషాఢంలో బయటి తడిగాలి సందుల్లో దూరి చల్లబడ్డ గోడ వెనక చేరుతుంది. సందు లేకుండా రేకుకే అంటిస్తే రెండింటికీ పనికొస్తుంది. ఆ పెద్దామె మాత్రం ఇవేవీ అడగలేదు. రైస్ కుక్కర్ ఎక్కడ పెట్టాలి, చెప్పులు ఎక్కడ విడవాలి అని అడిగింది. ఇంగ్లండ్‌లో అన్ని బళ్లు చేసినా చెప్పులకు చోటు పెట్టాలని నాకెప్పుడూ తట్టలేదు. మెట్టు పక్కన రెగ్జిన్ సంచి కుట్టాం.

ఒక ముక్క అంచుకి 'బండి ఆగినప్పుడే' అని తెల్ల దారంతో నేను కుట్టాను. బాపు చూసి, "నడిచేటప్పుడు ఏం జేస్తరో నువ్వు పోయి చూస్తవా?" అన్నాడు. ఊడదీయమని మాత్రం అనలేదు.

మూడో రోజు తిరువణ్ణామలై నుంచి, అదే అరుణాచలం నుంచి ఫోను. అమ్మ బాగా పడుకుంది కానీ మధ్య ముక్క జారుతోందట. "వెల్క్రో పెడితే అయిపోతది, వచ్చినంక షాపుకు తీస్కరాండ్రి" అని బాపు ఫోను పెట్టేసి, "బేగంబజార్ పోయి రెండించుల వెల్క్రో అయిదు మీటర్లు తేపో. వెడల్పుది తే, సన్నది అంటదు" అన్నాడు. బండి తాళం తీసుకుని బయల్దేరాను.