1802 హాఫ్ ఈగిల్: కొనేదాకా, కొన్నాక

అమెరికా 5 డాలర్ల బంగారు నాణేన్ని హాఫ్ ఈగిల్ అంటారు. 1801 అని ముద్రపడినది ఎక్కడా లేదు. ఆ ఏడాది కోసం ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చులు చెక్కారు కానీ వాటితో నాణేలు కొట్టలేదు. తర్వాతి ఏడు ఆ అచ్చులనే బయటికి తీసి, చివరి 1 మీద 2 కొట్టి వాడారు. మంచి ఉక్కు అచ్చు చెయ్యడం ఆ రోజుల్లో ఖరీదైన పని. చెక్కినదాన్ని ఊరికే పారేసేవాళ్లు కాదు. అందుకే 1802 నాటి హాఫ్ ఈగిల్ ఏది చూసినా 2 వెనక నుంచి 1 కనబడుతుంది. వేలం జాబితాల్లో దీన్ని 1802/1 అని రాస్తారు. నేను కొన్నది అదే.

మేం న్యూజెర్సీలో ఉంటాం, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్న నరసాపురంలో బంగారం పని చేసేవారు. కొలిమి పక్కన పెరిగినదాన్ని కాబట్టి నాకు నగల మీద కంటే పనితనం మీద ఆసక్తి ఎక్కువ. ఈ నాణెం గురించి చదువుతుంటే ముందు నన్ను ఆకట్టుకున్నది దానిలో బంగారం పాలు. 24 వంతుల్లో 22 వంతులు బంగారం, మిగతాది వెండి, రాగి. 1792లో అమెరికా టంకశాల చట్టం పెట్టిన లెక్క అది. ఇవాళ మనం 916 హాల్‌మార్క్ చూసి కొంటున్న బంగారం అదే. బరువు 8.75 గ్రాములు, అంటే కాసు కంటే కాస్త ఎక్కువ. ముందువైపు టోపీ పెట్టుకున్న లిబర్టీ, వెనకవైపు డాలు ధరించిన గద్ద. చెక్కినతను రాబర్ట్ స్కాట్. 5 డాలర్లు అని మాత్రం ఎక్కడా రాసి ఉండదు. బంగారం బరువే దాని విలువ చెప్పేది. ఆ మాట నాణెం మీదికి ఎక్కింది 1807లో, జాన్ రైక్ కొత్త నమూనా వచ్చినప్పుడు.

నాన్నకు ఫోన్‌లో చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు.

"ఇన్నేళ్లు ఎవరూ కరిగించకుండా ఎలా వదిలారమ్మా?"

అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చట్టం ఒక వంతు బంగారాన్ని 15 వంతుల వెండికి సమానం చేసింది. యూరప్‌లో అదే బంగారానికి వెండి కాస్త ఎక్కువ వచ్చేది. దాంతో నాణేలు ఓడలెక్కి వెళ్లిపోయి అక్కడ కరిగిపోయాయి. 1834లో అమెరికా తన కొత్త బంగారు నాణేల బరువు తగ్గించింది. దాంతో పాత 5 డాలర్ల నాణెంలోని బంగారం అప్పట్లో సుమారు 5 డాలర్ల 33 సెంట్లు చేసేది. మిగిలినవాటిలో చాలా భాగం అప్పుడు కొలిమిలోకి వెళ్లాయి. 1822 నాటివి 17,796 కొట్టారని లెక్క ఉంటే ఇప్పుడు తెలిసినవి మూడే. రెండు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి, మూడోది 2021లో 84 లక్షల డాలర్లకు పోయింది. 1802/1 అంత అరుదు కాదు. కానీ వాడకంలో అరగకుండా, ఎవరూ కడగకుండా, నగలో పొదగకుండా మిగిలినది దొరకడం మాత్రం కష్టం.

నేను వెతికింది అలాంటిదే. నాణేల స్థితిని 1 నుంచి 70 దాకా అంకెల్లో చెబుతారు. 60, ఆపైన అంటే చేతులు మారి అరగనిది. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే సంస్థలు పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పండక్కి గొలుసు నల్లబడితే కుంకుడు రసంలో వేసి బ్రష్‌తో రుద్దుతాం, నగ తళతళలాడితే సంతోషిస్తాం. పాత నాణేనికి ఆ పని చేస్తే దాని విలువలో పెద్ద భాగం అక్కడికక్కడే పోతుంది. అచ్చు పడిన క్షణంలో లోహం బయటివైపు పరుచుకుంటూ కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. వెలుగును పట్టి తిప్పేది ఆ గీతలే. ఒకసారి రుద్దితే అవి పోతాయి, ఎవరూ తిరిగి తేలేరు.

బాల్టిమోర్‌లో నాణేల ప్రదర్శన సందర్భంగా జరిగే వేలానికి రెండు 1802/1లు వచ్చాయి. ఒకదానికి 64, ఇంకోదానికి 63. వేలానికి ముందు వాటిని చూడనిస్తారు. గుర్తింపు కార్డు చూపించి కూర్చుంటే దీపం కింద ఒక్కో పెట్టె చేతికిస్తారు. భూతద్దం మనం తెచ్చుకోవచ్చు. 64 పెట్టె చేతికి రాగానే మెరిసింది. మెల్లగా వంచి చూశాను. మెరుపు అంతా ఒకేచోట నిలబడిపోయింది, కదల్లేదు. ఏదో రసాయనంలో ముంచి తీసిన పోలికలు నాకు కనిపించాయి. 63 మాత్రం కొంచెం ఎర్రగా, మసకగా ఉంది. వంచితే వెలుగు ఒక పట్టీలా లిబర్టీ చుట్టూ తిరిగింది. జుట్టు పాయల మీద, భుజం మీద, ముందుగా అరిగే చోట్ల కూడా ఆ పట్టీ తెగలేదు. అంకె తక్కువైనా నాకు కావాల్సింది ఇదేనని అక్కడే తేలిపోయింది.

ఒక్క అనుమానం మిగిలింది. వెనకవైపు డాలు మీదుగా నాలుగైదు సమాంతరమైన గీతలున్నాయి. వేలం సంస్థ పెట్టిన పెద్ద ఫొటో నాన్నకు పంపి వీడియో కాల్ చేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఆకురాయి గీతలు తల్లీ ఇవి. కానీ ముద్ర పడ్డాక గీసినవి కావు. చూడు, ఎత్తుగా ఉన్న డాలు చార మీదికి గీత పాకి, నొక్కుకుపోయింది. ముందు రాకారు, తర్వాత కొట్టారు."

టంకశాల చరిత్ర ఏదీ చదవకుండానే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చట్టం బరువు విషయంలో కఠినంగా ఉండేది. బిళ్ల తక్కువ తూగితే మళ్లీ కరిగించేవారు. ఎక్కువ తూగితే ఆకురాయితో రాకి సరిచేసి, ఆ తర్వాత చేత్తో తిప్పే మరలో పెట్టి ముద్ర కొట్టేవారు. ఆవిరి మర వచ్చింది 1836లో. ఈ గీతలంటే ఇష్టపడని సేకర్తలు చాలామంది ఉన్నారు, వాటి వల్ల ధర కూడా తగ్గుతుంది. నాకైతే అవి లేని నాణెం కంటే ఉన్నదే ఎక్కువ నచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట నాన్నలా పనిచేసే ఎవరో త్రాసు ముందు కూర్చుని చేసిన పని అది.

ఇక వేలం పాట రోజు. అంతకుముందే పెట్టె మీది సర్టిఫికెట్ నంబరును అంకె వేసిన సంస్థ వెబ్‌సైట్‌లో చూసి, అక్కడి ఫొటోను నేను చూసిన నాణెంతో గీత గీతగా పోల్చుకున్నాను. అసలు నంబరు వేసి నకిలీ పెట్టెలు తయారుచేసేవాళ్లు ఉన్నారు, కాబట్టి నంబరు సరిపోతే చాలదు. ఇక డబ్బు లెక్క, చివరికి కట్టాల్సిన మొత్తం నుంచి వెనక్కి వేసుకోవాలి. పాట ధర మీద 20 శాతమో, అంతకంటే ఎక్కువో వేలం సంస్థ కొనేవాళ్ల దగ్గర తీసుకునే ప్రీమియం పడుతుంది. 20 శాతమైతే 20,000 డాలర్లకు పాడితే కట్టాల్సింది 24,000. రాష్ట్రాన్ని బట్టి పన్ను వేరు. మావారూ నేనూ కూర్చుని ఇంతకు మించొద్దని ఒక అంకె రాసుకున్నాం. పాట నడిచినంతసేపూ టెన్షన్‌తో నా చేతులు చల్లబడిపోయాయి. 64 పాట మేం రాసుకున్న మొత్తాన్ని ఎప్పుడో దాటిపోయింది. 63 దగ్గర ఇద్దరం మిగిలాం, చివరికి అవతలివాళ్లు ఆగిపోయారు.

కొన్నాక చేసే పనులకు ఎవరూ అంత ఉత్సాహం చూపించరు, నిజానికి అవే ముఖ్యం. మామూలు ఇంటి బీమాలో నాణేలకు సాధారణంగా ఇచ్చేది చాలా తక్కువ, అందుకని విడిగా పాలసీ తీసుకున్నాం. బ్యాంకు లాకర్లో పెట్టిన వస్తువుకు డిపాజిట్ బీమా వర్తించదు, ఆ పాలసీ దానికీ అవసరమే. తేమ పట్టకుండా పక్కన సిలికా జెల్ పొట్లం. ఏడాది దాటాక లాభానికి అమ్మితే సేకరణ వస్తువుల మీద కేంద్ర పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్ల లెక్క దీనికి పనికిరాదు. కాబట్టి కొన్న రసీదు జాగ్రత్త.

రసీదు, ఫొటోలు, బీమా కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి మావారికీ, పిల్లలకీ చూపించాను. పై కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను: కడగొద్దు, రుద్దొద్దు, పెట్టె పగలగొట్టొద్దు, బంగారం ధరకు అమ్మొద్దు.