డ్రైవ్ మంచిగనే ఉంది సార్

"ఏంది సార్, జర్మనీల కంప్యూటర్ల పనే అంటిరి గద! డ్రైవ్ మంచిగనే ఉంది, కొత్తది ఎందుకు కొంటరు?"

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక దుకాణదారు నన్నన్న మాట ఇది. డీవీడీలు రాసే డ్రైవ్‌లు అమ్మేవాడే కొనొద్దని మందలించాడు. అదీ మా నాన్న ముందు.

ఇంట్లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి డెస్క్‌టాప్. చెల్లి పెళ్ళి వీడియోను డీవీడీలు చేసి చుట్టాలకు పంచాలని నాన్న పట్టుదల. ఫోన్‌కి లింకు పంపిద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోదట. డిస్కు పెట్టిన ప్రతిసారీ సగంలో "బర్న్ ప్రాసెస్ ఫెయిల్డ్ ఎట్ 16ఎక్స్". స్పీడు 8కి తగ్గించినా అదే వరస. డ్రైవ్ పోయిందన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా టీమ్‌లో ఎవరైనా అదే అంటారు.

ఆ దుకాణదారు మాత్రం సీపీయూ విప్పకముందే, కంప్యూటర్‌లోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, డ్రైవ్‌కి డేటా వెళ్ళే దారిని, అదే సెకండరీ ఐడీఈ చానెల్‌ను చూపించాడు. అక్కడ డీఎంఏ ఉండాల్సిన చోట పీఐఓ అని ఉంది. రెండూ డేటా చేరవేసే పద్ధతులే: డీఎంఏ అంటే ట్యాంకు నుంచి పైపు వేసినట్టు, పీఐఓ అంటే ప్రాసెసర్ తానే బిందెలతో మోసినట్టు. డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 1,385 కేబీ. 16ఎక్స్‌కి 22 ఎంబీ దాకా అందాలి. బిందెలతో ఏం అందుతుంది? కేబుల్ వదులై ఆరు ఎర్రర్లు పోగయితే చాలు, ఎక్స్‌పీ ఎవరికీ చెప్పకుండా వేగం తగ్గించడం మొదలుపెడుతుంది, ఎర్రర్లు ఆగకపోతే మెట్టుమెట్టుగా డ్రైవ్‌ను పీఐఓకి దించేస్తుంది. ఆ చానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాడు, కేబుల్ మార్చాడు. "8 దాటకుండ్రి, ఖాళీ డిస్కులు జర మంచివి కొనుండ్రి" అని కేబుల్ డబ్బులే తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ "కంప్యూటర్ల పనే అంటిరి గద" నన్ను వదల్లేదు. అవును, సపోర్ట్ పనే. అక్కడ టికెట్, అంటే ఫిర్యాదు, వస్తుంది, అరగంటలో తేలకపోతే మెషీన్ మార్చేస్తాం. కారణం వెతుకుతూ కూర్చుంటే మేనేజర్ మెచ్చుకోడు, టికెట్ ఇంకా ఎందుకు తెరిచి ఉందని అడుగుతాడు. నా గంట ఖరీదు ముందు డ్రైవ్ ధర ఎంత? ఆయనకీ గంటకి నాకొచ్చేంత వస్తే ఆయనా కొత్త డ్రైవే అమ్ముతాడు. పనివాడి సమయం చవకగా దొరకడాన్ని మన గొప్పతనంగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. పాడైన వస్తువు బాగుచేయించుకోవడానికి ఇప్పుడు అక్కడివాళ్ళు ఉద్యమాలు నడుపుతున్నారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన రిపేర్ కేఫ్‌లు జర్మనీలోనూ చాలా ఊళ్ళలో ఉన్నాయి. తెలిసినవాళ్ళు డబ్బు తీసుకోకుండా కూర్చుని మిక్సీలు, రేడియోలు విప్పి బాగుచేసిపెడతారు. 2024లో యూరోపియన్ యూనియన్ ఏకంగా చట్టమే చేసింది, గ్యారంటీ అయిపోయాక కూడా కొన్నిరకాల వస్తువులను తయారీదారులే రిపేరు చేసివ్వాలని. పార్క్‌లేన్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడికీ అది ఎప్పటినుంచో బతుకుతెరువు. మా ఆఫీసులో ఈ మాటంటే నవ్వుతారేమో గానీ, వెతికే ఓపిక నాకు లేక కాదు, అక్కడ దానికి పద్దు లేదు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర నాన్నకి వివరంగా చెప్పాను, గంట లెక్కతో సహా. పెరుగు కలుపుకుంటూ అంతా విన్నారు.

"మరి ఇప్పుడు సెలవులోనే ఉన్నావు కదరా" అన్నారు.