తక్కువ ఖర్చుతో ఇంట్లో పని బల్ల

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు ముందుగా ఖరీదైన కుర్చీ గురించి ఆలోచిస్తారు గాని, నా దృష్టిలో మొదట డబ్బు పెట్టవలసింది విడి కీబోర్డు, మౌసుల మీద. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి కనుక, చేతులకు అనువైన ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కంటికి అనువుగా లేపితే భుజాలు బిగుసుకుంటాయి. విడి కీబోర్డు వచ్చాక, తెర పై అంచు కంటి మట్టానికి వచ్చేలా ల్యాప్‌టాప్‌ను పాత పుస్తకాల దొంతర మీద, చేయి చాచినంత దూరంలో ఉంచాను.

భోజనాల బల్ల సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. నావంటి పొట్టివారికి అది ఎక్కువే. మోచేతులు దాదాపు 90 డిగ్రీల కోణంలో ఉండేలా దిండు వేసుకుని కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు, కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుంటుంది. మా ఒంగోలు వైపు దీనికి చౌకైన ఉపాయం చీమకుర్తి గ్రానైటు. కోతలో మిగిలిన ముక్కల్లోంచి, మెరుపు చుక్కలున్న నల్లరాతి పలకలు రెండు తెచ్చి ఒకదానిపై ఒకటి పేర్చి, జారకుండా నడుమ గోనెపట్టా పరిచాను. రోహిణి కార్తెలో అరికాళ్ళకు ఆ చల్లదనం అదనపు లాభం!

నడుము వెనుకకు చుట్టిన తువ్వాలు చాలు. ఇక కిటికీ ఎదురుగానో వెనుకగానో కాక పక్కన ఉండేలా బల్లను జరిపితే, తెర మీద ఎండ మెరుపు చాలావరకు తగ్గుతుంది.